తెర మీది అనాథలు, వాడలోని పిల్లలు

తాడ్వాయిలో మా వాడకు టీవీ రాకముందే ఊర్లోకి టీవీ వచ్చింది. ఊరు వేరు, వాడ వేరు అని తెలిసినవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. 2000 సంవత్సరం ప్రాంతంలో ఒక పెద్దింటి వసారాలో టీవీ పెట్టేది. వాళ్ళ పిల్లలు వసారాలో చాప మీద కూసుండేది. మేం వాకిట్లో నిలబడి చూసేది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం 'లిటిల్ సోల్జర్స్' సినిమా వచ్చింది. మేం ముగ్గురం పోయినం. అక్కకు పన్నెండేండ్లు, నాకు ఎనిమిది, తమ్మునికి నాలుగు. మా అవ్వ పోయి అప్పటికి ఏడాది దాటింది. బాపు దుబాయ్‌ల ఉండె. అక్క ఒళ్ళో బీడీల చాట ఉంది. వాకిట్లో ఒక మూలకు కూసుండి బీడీలు చుట్టుకుంటనే తెర దిక్కు చూస్తుంది.

తెర మీద ఇద్దరు పిల్లలు తల్లిదండ్రులను పోగొట్టుకున్నరు. మేం ఊపిరి బిగబట్టి చూసినం. వాళ్ళకు ఒక అమ్మమ్మ ఉంది. ఆమెకు పెద్ద బంగ్లా ఉంది, ఆస్తి ఉంది. అప్పుడు మా తమ్ముడు అక్క లంగ పట్టి గుంజి అడిగిండు: "అక్కా, మన అమ్మమ్మ ఎప్పుడొస్తది?"

మా అమ్మమ్మ ఎప్పుడో వచ్చింది. మా ఇంట్లనే ఉంది. అవ్వ పోయిన నెల నుంచి మాతోనే ఉంటూ, డెబ్బయి ఏండ్ల వయసుల నాట్లకు, కలుపులకు పోతుండె. తమ్మునికి ఆ సంగతి తెల్వక కాదు. తెర మీద చూసిన అమ్మమ్మ, ఇంట్ల ఉన్న అమ్మమ్మ ఒకే మాటకు అర్థం కావని వాడు ఆ నిమిషంలోనే కనిపెట్టిండు. ఈ వ్యాసం వాడి ప్రశ్నకు నేను ఆలస్యంగా రాస్తున్న జవాబు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు పెద్దల నీడ లేకుండా తమ బతుకు తాము బతికే కథలను మన తెర ఎట్ల చెప్పింది, ఎవరి కోసం చెప్పింది, ఆ కథల్లో ఏ పిల్లలకు జాగా దొరకలేదు అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

సినిమాలో ఉన్న మంచి

ముందుగా ఒక న్యాయమైన మాట. 'లిటిల్ సోల్జర్స్' చెడ్డ సినిమా కాదు. 1996లో గుణ్ణం గంగరాజు దీన్ని తీసిండు. ఆ తర్వాత టీవీలో 'అమృతం' సీరియల్ నిర్మించింది కూడా ఆయనే. సన్నీగా బాలాదిత్య, బన్నీగా కావ్య నటించిండ్రు. అప్పటిదాకా మన సినిమాల్లో పిల్లలంటే పెద్దమనుషుల డైలాగులు అప్పజెప్పే చిన్నసైజు పెద్దమనుషులే. ఈ పిల్లలు అట్ల కాదు. పిల్లల్లాగనే అడ్డం తిరుగుతరు, అబద్ధాలాడుతరు, నవ్విస్తరు. చావు గురించి పిల్లలతో మాట్లాడడానికి తెలుగు సినిమా భయపడే రోజుల్లో ఈ సినిమా ఆ పని చేసింది. పిల్లలను జాలిపడే వస్తువులుగా కాకుండా తమ కొట్లాట తాము కొట్లాడే మనుషులుగా చూపెట్టింది. టీవీలో వచ్చిన ప్రతిసారీ జనం చూసిండ్రంటే కారణం ఇదే.

తెలుగులో పిల్లల కోసమే తీసిన టీవీ నాటకాలు మొదటి నుంచీ తక్కువ. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో మన పక్కనున్న మెదక్ జిల్లా పల్లెలు కూడా ఉన్నయి. అందులో పొద్దటి పూట కార్యక్రమం బడి పిల్లల కోసమే. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ప్రైవేటు చానళ్ళు వచ్చినంక పిల్లల కథ అనేది సెలవు రోజు వేసే సినిమాకో, పెద్దవాళ్ళ సీరియల్‌లో ఏడ్చే పాపకో కుదించుకుపోయింది. అందుకే మా తరానికి 'లిటిల్ సోల్జర్స్' సినిమాగా కన్నా టీవీ కార్యక్రమంగానే తెలుసు. దాని మీద విమర్శ రాస్తున్నది కూడా అందుకే. అల్పమైన దాని మీద విమర్శ దండుగ. పిల్లల మనసులో ఇల్లు కట్టుకున్న దాన్నే విమర్శించాలె.

వారసత్వం అనే ముగింపు

ఈ కథకు వెన్నెముక ఏమిటి? తల్లి తన ఇష్టంతో పెండ్లి చేసుకుని పుట్టింటికి దూరమైంది. ఆమె చనిపోయింది. పిల్లలు మిగిలిండ్రు. పుట్టింటికి ఆస్తి ఉంది. ఆస్తి మీద కన్నేసిన బంధువు ఉన్నడు. రోహిణీ హట్టంగడి వేసిన అమ్మమ్మ పాత్ర మనసు కరగాలె, దుర్మార్గుడు ఓడిపోవాలె. అంటే పిల్లల సాహసమంతా చివరికి ఎక్కడికి చేరుతది? ఎన్నడో తమకు రావాల్సిన ఇంటికే చేరుతది. వాళ్ళు నిజంగా బీదపిల్లలు కారు. కొన్నాళ్ళు దారి తప్పిన వారసులు.

ఇది ఒక్క గంగరాజు చేసిన పని కాదు. దీని వంశవృక్షం పెద్దది. 1963లో సి. పుల్లయ్య, సి.ఎస్. రావు తీసిన 'లవకుశ'ను తెలుగు ప్రజలు పండుగలకు పబ్బాలకు టీవీలో చూస్తూనే ఉన్నరు. ఇద్దరు కవలలు తండ్రి లేకుండా అడవిలో పెరిగిండ్రు. పాట పాడిండ్రు, యుద్ధం చేసిండ్రు, చివరికి రాజు కొడుకులని తేలింది. ఆశ్రమంలో పెరిగిన పిల్లలు అంత ధైర్యంగా ఎట్ల ఉన్నరు అంటే రాజరక్తం గనుక అనేదే ఆ కథ ఇచ్చే జవాబు. అదే ఉత్తర రామాయణంలో మరో పిల్లవాని కథ కూడా ఉంది. ఒక బ్రాహ్మణుని కొడుకు చచ్చిపోయిండు. ఆ పిల్లవాడు లేచి కూసోవాలంటే తపస్సు చేస్తున్న శంబూకుని తల తెగాలె. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే 'శంబూక వధ' నాటకం రాసి ఈ న్యాయాన్ని నిలదీసిండు. మన టీవీ మాత్రం లవకుశుల కన్నీళ్ళనే మళ్ళీ మళ్ళీ చూపెడుతది. శంబూకునికి పిల్లలు ఉన్నరా, వాళ్ళు ఆ తర్వాత ఎట్ల బతికిండ్రు అన్న ప్రశ్న మన నాటకానికి ఎన్నడూ తట్టలేదు.

ఇదే దారాన్ని పట్టుకుని 2017 నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన 'కార్తీక దీపం' దగ్గరికి రావచ్చు. ఊర్లల్ల సాయంత్రం పనులు ఆపుకుని చూసిన సీరియల్ అది. శౌర్య, హిమ కవలలు. ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి ఇంట్లో పెరుగుతరు. తల్లి వంట చేసి బతుకుతది, 'వంటలక్క' అని జనం పిలుచుకున్న దీప ఆమెనే. ఆమెకు జరిగిన అవమానానికి మూలం నల్లరంగు. మంచిది, రంగు గురించి మాట్లాడిండ్రు అనుకుందాం. కాని నటికి నల్లరంగు పూసి, ఆ నలుపు వెనక ఉన్న కులాన్ని మాత్రం తుడిచేసిండ్రు. పిల్లల బాధ అంతా 'మా నాన్న ఎవరు, ఆయన మమ్మల్ని ఒప్పుకుంటడా' అన్న ఒక్క ప్రశ్న చుట్టే తిరిగింది. లవకుశుల ప్రశ్ననే డాక్టరు ఇంట్లోకి తెచ్చి పెట్టిండ్రు. తర్వాతి తరం కథలో శౌర్య ఆటో నడుపుతది, హిమ డాక్టర్ అయితది. ఆటో నడిపే పిల్లకు కూడా పెద్దింటి రక్తం ఉంటేనే మన సీరియల్ ఆమెను నాయికగా ఒప్పుకుంటది.

పని ఎక్కడికి పోయింది?

తెర మీది అనాథ పిల్లలకు సాధారణంగా పని ఉండదు. ఆకలి ఉంటది, ఏడుపు ఉంటది, దొంగల వెంట ఉరుకులాట ఉంటది. పని ఉండదు. వాడలో పెద్దదిక్కు లేని పిల్లల సంగతి తలకిందులు. ఏడ్చే టైముండదు, పని ఉంటది.

మా అక్క చేసిన పని చెప్త. రాత్రి తునికాకు నానబెట్టాలె. పొద్దున అచ్చు పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించాలె. తంబాకు పోసి చుట్టాలె, దారం కట్టాలె, మూతి మడవాలె. మూతి మడిచే పని చిన్నపిల్లలది. వేళ్ళు సన్నగ ఉంటయి గనుక మాకు తొందరగ వస్తది. లెక్కపెట్టి కట్టలు కట్టి కార్ఖానకు తీసుకపోతే, బాగా లేనివి ఏరి పక్కకు పడేస్తరు. వాటికి పైసలు రావు. అవ్వ పేరు మీద ఉన్న కార్డు అక్కకు రాలేదు. పిల్ల గనుక ఆమె పేరు మీద కొత్త కార్డు కూడా రాలేదు. అందుకని పక్కింటామె కార్డు మీద అక్క బీడీలు పోయేవి. చేసింది ఒకరు, లెక్కలకెక్కింది ఇంకొకరు. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతంలో బీడీల మీద బతికిన ఇండ్లకు ఇదంతా కొత్త కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 1986 బాలకార్మిక చట్టం పిల్లలతో చేయించగూడని పనుల పట్టికలో బీడీ తయారీని పెట్టింది. అదే చట్టం ఇంటివాళ్ళతో కలిసి నడిపే పనిశాలను ఆ నిషేధం నుంచి తప్పించింది. మా ఇల్లే కార్ఖాన అయినప్పుడు ఆ చట్టం మా గడప దాకా వచ్చి వెనక్కి పోయింది. సినిమా కూడా అంతే. పిల్లల కన్నీళ్ళ దాకా వచ్చి చేతుల దగ్గరికి రాకుండా వెనక్కి పోయింది.

పని చూపించిన సినిమా లేదా అంటే ఉంది. 1954లో రాజ్‌కపూర్ నిర్మించగా ప్రకాశ్ అరోరా తీసిన హిందీ సినిమా 'బూట్ పాలిష్'. భోలా, బేలూ అనే అన్నాచెల్లెండ్లు. పిన్ని వాళ్ళతో అడుక్కతినిపిస్తది. జాన్ చాచా అనే ముసలాయన 'అడుక్కోకండి, కష్టపడండి' అని నేర్పుతడు. పిల్లలు పైస పైస కూడబెట్టి బూట్ పాలిష్ సామాను కొంటరు. బేలూగా వేసిన బేబీ నాజ్‌కు కాన్స్ ఉత్సవంలో ప్రత్యేక ప్రశంస దక్కింది. పిల్లల శ్రమను అంత దగ్గరగా చూపించినందుకు ఆ సినిమాకు దండం పెట్టాలె.

కాని నేను చెప్పులు కుట్టిన తాత మనుమన్ని. ఆరె, రంపె మా ఇంటి చూరులో చాలా ఏండ్లు ఉన్నయి. లంద వాసన ఎట్లుంటదో మా అమ్మమ్మ చెప్పేది. అందుకని ఆ సినిమాలో పిల్లలు బ్రష్ పట్టుకుని సంబరపడుతుంటే నాకు సంబరం రాలేదు. తోలు పనిని, చెప్పుల పనిని ఈ దేశం కొందరి నెత్తిన పెట్టి, ఆ పని చేస్తున్నందుకే వాళ్ళను ఊరవతల ఉంచింది. అదే పనిని తెర మీద ఎవరో కులం పేరు లేని పిల్లలు ఇష్టపడి ఎంచుకుంటే అది 'శ్రమ గౌరవం' అయింది. ఎంచుకున్నవానికి గౌరవం, పుట్టుకతో అంటగట్టినవానికి అంటు. పైగా ముగింపు చూడండి. పాలిష్ డబ్బాతో మొదలైన స్వాభిమానం చివరికి ఒక కలిగిన ఇంటి దత్తత దగ్గర ఆగింది. శ్రమ మీద అంత నమ్మకం ఉన్న సినిమాకు కూడా పిల్లలు శ్రమతోనే నిలబడతరని నమ్మకం లేదు.

మసూరు స్టేషన్‌లో పిల్లలు

పెద్దలు లేకుండా పిల్లలు తమంత తాము దారి పట్టిన కథ మనకు ఒకటి ఉంది. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో తన చిన్నతనం నుంచి చెప్పిన సంగతి అది. 1901. తల్లి అప్పటికే లేదు. తండ్రి కోరెగావ్‌లో క్యాషియరు. సెలవులకు రమ్మని ఉత్తరం రాసిండు. సతారా నుంచి భీమరావు, అన్న, అక్క సంతానం బయలుదేరిండ్రు. పెద్దవాళ్ళు ఎవరూ వెంట లేరు. కొత్త బట్టలు, కొత్త చెప్పులు, తళతళలాడే టోపీలు. మొదటిసారి రైలెక్కిన సంబరం. మసూరు స్టేషన్‌లో దిగిండ్రు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.

స్టేషన్ మాస్టరు మొదట దయగానే పలకరించిండు. 'మేం మహర్లం' అని పిల్లవాడు చెప్పగానే అతని మొహం మారిపోయింది. బండ్లు ఉన్నయి, కాని ఎక్కించుకునేటోడు లేడు. చివరికి రెట్టింపు కిరాయికి ఒప్పందం కుదిరింది. ఎట్లాంటి ఒప్పందం? బండివాడు పక్కన నడుస్తడు, పిల్లలే బండి తోలాలె. దారిలో తినడానికి తిండి ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. ముస్లిం పిల్లలమని అబద్ధం చెప్పినా టోల్ గేటు దగ్గర చుక్క నీళ్ళు పుట్టలేదు. తిండి పక్కన పెట్టుకుని ఆకలితోనే పడుకున్నరు. తండ్రి తప్పు కూడా కాదు. ఉత్తరం వచ్చిన సంగతి నౌకరు ఆయనకు చెప్పడం మరిచిపోయిండు.

ఈ కథను 'లిటిల్ సోల్జర్స్' పక్కన పెట్టి చూడండి. ఈ పిల్లలు అనాథలు కారు. తండ్రి ఉన్నడు, ఉద్యోగం ఉంది, చేతిలో పైసలున్నయి, మంచి బట్టలున్నయి, తిండి ఉంది. మన తెర కథల్లో పిల్లల కష్టం తీర్చేవన్నీ వీళ్ళకు ముందుగానే ఉన్నయి. అయినా దిక్కులేనివాళ్ళయిండ్రు. కులం అనేది తల్లిదండ్రులు బతికుండగానే పిల్లలను అనాథలను చేస్తది. ఏ అమ్మమ్మ బంగ్లా, ఏ దత్తత ఆ అనాథతనాన్ని మాపలేవు. వారసత్వంతో ముగిసే కథకు ఈ పిల్లలు అర్థం కాకపోవడానికి కారణం ఇదే. వాళ్ళ వారసత్వమే వాళ్ళ కష్టం.

2019లో అంబేడ్కర్ జీవితం మీద మరాఠీలో స్టార్ ప్రవాహ్, హిందీలో అండ్ టీవీ సీరియల్స్ మొదలుపెట్టినయి. హిందీ సీరియల్ చాలా కాలం చిన్న భీమరావు చుట్టే నడిచింది. అవి మహనీయుని కథలు. గొప్పవాడు కాబోతున్నడని ముందే తెలిసిన పిల్లవాని కథ ఒకటి, ఏమీ కాకపోయినా నీళ్ళు దొరకాల్సిన పిల్లల కథ ఇంకొకటి. మనకు రెండోది కావాలె.

దాని దగ్గరికి వచ్చింది తమిళంలో ఎం. మణికంఠన్ తీసిన 'కాక్కా ముట్టై'. 2015లో విడుదలయింది, ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు తీసుకుంది. చెన్నై బస్తీలో ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి జైల్లో, తల్లి బెయిలు కోసం తిరుగుడు. పిల్లలు రైలు పట్టాల వెంట బొగ్గు ఏరి అమ్ముతరు. వాళ్ళు ఆడుకునే జాగా పోయి పిజ్జా దుకాణం వచ్చింది. పిజ్జా తినాలె అన్నదే కోరిక. పైసలు సంపాయించి పోతే వాకిట్లో చెంపదెబ్బ పడింది. చేతిలో పైసలు ఉన్నా లోపలికి రానియ్యకపోవడం, మసూరు బండి కిరాయి తర్వాత నూరేండ్లు దాటినా మారని సంగతి. ఈ సినిమా ఏ బంగ్లా దగ్గరా ఆగలేదు. చివరికి మర్యాదగా పిలిచి పెట్టిన పిజ్జా కన్నా నాయనమ్మ పోసిన దోసెనే నయం అనుకున్నరు పిల్లలు. మణికంఠన్ కూడా కులం పేరు పైకి ఎత్తలేదు, అది లోపమే. కాని పిల్లల చేతులను, పిల్లల సంపాదనను, వాకిట్లో పడ్డ దెబ్బను దాచలేదు.

హాస్టల్ గేటు

పెద్దదిక్కు లేని తోబుట్టువుల కథల్లో ఒక పెద్ద భయం ఉంటది. ఎవరో వచ్చి మనల్ని విడదీస్తరేమో అని. తెర మీద ఆ విడదీసేవాడు దుర్మార్గుడు. మా కథలో విడదీసింది మేలు. నాకు సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో సీటొచ్చింది. మగపిల్లల హాస్టల్ వేరు, ఆడపిల్లల హాస్టల్ వేరు. అక్కకు కూడా సీటు ఇస్తమన్నరు. తమ్ముణ్ణి ఎవరు చూడాలె? అక్క ఉండిపోయింది. అయిదో తరగతితో ఆమె చదువు ఆగింది. నేను హాస్టల్ అన్నం తిని యూనివర్సిటీ దాకా వచ్చిన. అవి లేకపోతే ఇయ్యాల ఈ వ్యాసం లేదు. కాని ఆ గేటు దగ్గర అక్క తమ్ముణ్ణి సంకనేసుకుని నిలబడ్డ తీరు ఏ సినిమా తీయలేదు. అందులో తిట్టడానికి దుర్మార్గుడు లేడు గనుక తీయడం కష్టం.

ఇంకొకటి గమనించాలె. 'లిటిల్ సోల్జర్స్'లో పెద్దవాడు అన్న, చిన్నది చెల్లె. 'బూట్ పాలిష్'లో కూడా అంతే. అన్న కాపాడుతడు, చెల్లె ముద్దు మాటలు చెప్తది. వాడలో చూస్తే ఎక్కువగా మోసింది అక్కలు. బడి మానింది వాళ్ళు, పొయ్యి ముట్టించింది వాళ్ళు. దళిత రచనలో కూడా తమ్ముడు చదువుకుని తన కథ రాసుకున్నడు. అక్క ఆ కథలో ఒక పేరా అయింది. ఈ వ్యాసంలో కూడా అదే జరుగుతున్నదని నాకు తెలుసు.

అక్క మాట

ఈ వ్యాసం రాసేముందు తాడ్వాయికి పోయి అక్కకు నా ఫోన్‌ల 'లిటిల్ సోల్జర్స్' మళ్ళీ చూపించిన. చూసుకుంట మస్తు నవ్వింది. అయిపోయినంక వారసత్వం గురించి, లవకుశ గురించి నేను అనుకున్నదంతా చెప్పిన. అక్క విన్నది. విని అన్నది:

"నువ్వు చెప్పింది నిజమే తమ్మి. గని ఆ పొద్దు మనం గా సినిమ చూసి నవ్వినం, యాదికున్నదా? అవ్వ పోయినంక మనం నవ్వింది గప్పుడే. మన కథ అంటే అన్ని ఏడుపులే రాస్తరా మీరు?"

ఆ వాకిలి నాకు యాదికుంది. తమ్ముని ప్రశ్న యాదికుంది. నవ్వింది మాత్రం యాదికి లేదు. నా చదువు, నా సిద్ధాంతం ఆ నవ్వును పక్కకు పెట్టేసినయి. కార్ఖానల బాగలేవని బీడీలు ఏరి పడేసినట్టు నేను ఆ నవ్వును ఏరి పడేసిన.

అందుకని నా వాదనను వెనక్కి తీసుకోను గని దానికి ఒక మాట కలుపుత. వారసత్వంతో ముగిసే కథ మన పిల్లలకు అబద్ధం చెప్తది. అది పనిని దాస్తది, కులాన్ని దాస్తది, అక్కను దాస్తది. దాని బదులు మనం రాసుకునే కథ కన్నీళ్ళ లెక్కగా మిగిలితే అది కూడా పిల్లలకు సగం నిజమే చెప్పినట్టు. మసూరు దారిల ఆ పిల్లలు బండి ఎక్కేముందు రైలు ఎక్కినందుకు సంబరపడ్డరు. ఆ సంబరాన్ని అంబేడ్కర్ మరిచిపోకుండా రాసిండు. బహుశా అందుకే ఆ తర్వాత నీళ్ళు దొరకని రాత్రి మనకు అంత గట్టిగ తాకుతది.

తెలుగులో ఎవరన్నా పిల్లల నాటకం తీస్తే అందులో అక్క బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని టీవీ చూసి నవ్వాలె. తమ్ముడు ఆ ప్రశ్న అడగాలె. అమ్మమ్మ నాటు వేసి పొద్దుమీకి ఇంటికి రావాలె. మా ఇంట్ల అదే జరిగింది.